పలచటి గాలిలో ఆట

రాయగడ నుంచి కోరాపుట్ వెళ్ళే రైలు కొండెక్కుతుండగా కిటికీలోంచి వచ్చే గాలి మారిపోతుంది. సరిగ్గా ఎక్కడ మారిందో చెప్పలేం. టికిరి దాటేదాకా చెమటకి ఒంటికి అంటుకుపోయిన గౌను, తర్వాత ఏదో ఒక సొరంగంలో దూరి బయటికొచ్చేసరికి పొడిబారి చల్లగా తగులుతుంది. ఆ సొరంగం ఏదో కనిపెట్టాలని చిన్నప్పుడు నేను కళ్ళు చికిలించుకుని కూర్చునేదాన్ని. ప్రతిసారీ అమ్మ ఒళ్ళో నిద్రపోయేదాన్ని. మెలకువ వచ్చేసరికి మబ్బులు పట్టాల పక్కనే, మేకల మధ్యనే తిరుగుతుండేవి. ఇప్పటికీ ఆ దారిలో ప్రయాణం చేస్తే, దిగిన ఊరు నిజంగా ఉందా, లేక ఇంకా నిద్రలోనే ఉన్నానా అన్న అనుమానం కాసేపు వదలదు.

మా నాన్నకి రాయగడ బజారులో పప్పుల హోల్‌సేల్ కొట్టు. తాతగారి కాలంలో పార్వతీపురం వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం మాది. అమ్మ చెల్లెలు, అంటే మా పిన్ని, కోరాపుట్ దగ్గర సెమిలిగుడలో ఉండేది. బాబాయికి అక్కడ రోడ్డు పక్కన లారీ సామాన్ల షాపు. సెలవులిస్తే చాలు, నన్ను పిన్ని దగ్గర దింపేవారు. ఆ ఊళ్ళో బడి వెనక ఒక ఎర్రమట్టి మైదానం ఉండేది. పక్క పల్లెల ఆడపిల్లలు అక్కడ చెప్పుల్లేకుండా ఫుట్‌బాల్ ఆడేవారు. వాళ్ళది దేశియా, నాది తెలుగు, ఇద్దరికీ వచ్చింది కొంచెం ఒడియా. నన్ను ‘రాయగడియా’ అని పిలిచేవారు. బంతి వస్తే ఆ పేరు అరిచేవారు, నేను పరిగెత్తేదాన్ని.

వెళ్ళిన మొదటి రోజుల్లో నాకు ఊపిరి ఆడేది కాదు. కింద రాయగడలో వీధి ఈ చివర నుంచి ఆ చివర వరకు పరిగెత్తేదాన్ని, ఇక్కడ సగం మైదానం దాటగానే గొంతులో ఎవరో గుడ్డ కుక్కినట్టు ఉండేది. ఎర్రబడ్డ మొహంతో ఇంటికొస్తే పిన్ని చోడి అంబలి గ్లాసు చేతిలో పెట్టి, “ముందు ఇక్కడి గాలితో పరిచయం సేసుకో అమ్మీ. తరవాత పరిగెడుదువు గాని” అనేది. నేను నిజంగానే పెరట్లో నిలబడి, నోరు తెరిచి, గాలిని పలకరించేదాన్ని. కొన్నాళ్ళకి ఆయాసం పోయేది. పిల్లలకి ఏదైనా తొందరగా అలవాటవుతుంది, అంతే. నేను మాత్రం ఆ కొండలు నన్ను తమదాన్ని చేసుకున్నాయని నమ్మాను.

ఆ నమ్మకంతోనే పెద్దయ్యాను. కాలేజీ జట్టు, తర్వాత రాష్ట్ర జట్టు, ఆ తర్వాత విశాఖపట్నంలో జీతమిచ్చి ఆడించుకునే ఒక క్లబ్బు. ఆడపిల్లకి బంతాట ఉద్యోగమేమిటని నాన్న కొన్నాళ్ళు ముభావంగా ఉన్నాడు. టీవీలో ఒకసారి నన్ను చూశాక కొట్టుకొచ్చిన వాళ్ళందరికీ తనే చెప్పుకున్నాడట. నేను మైదానం మధ్యలో ఆడేదాన్ని. అటూ ఇటూ ఆగకుండా తిరగడమే ఆ చోటు పని. నా బలమంతా ఊపిరిలోనే ఉందని అందరూ అనేవారు.

మా గోల్‌కీపర్ భీమిలి దగ్గర మత్స్యకారుల పల్లె నుంచి వచ్చిన పిల్ల. నాకంటే చిన్నది. అక్క వరసలో నన్ను ‘అప్పా’ అని పిలిచేది. పొడుగాటి చేతులు, తక్కువ మాటలు. సముద్రానికి ఎదురుగా కాకుండా మరోవైపు మొహం పెట్టి కూర్చోవడం దానికి చేతయ్యేది కాదు. విశాఖలో మేమున్న హాస్టల్లో కూడా కుర్చీ తిప్పుకుని కూర్చునేది.

ఒక ఏడాది మా లీగులోకి హిమాలయాల్లోని ఒక ఊరి జట్టు వచ్చి చేరింది. మా సెమిలిగుడకు మూడు నాలుగు రెట్లు ఎత్తున్న ఊరు. అక్కడికి వెళ్ళి ఆడిన జట్లన్నీ తలలు పట్టుకుని దిగొస్తున్నాయని విన్నాం. మా కోచ్ మలయాళీ ఆవిడ, దేనికీ తొణకని మనిషి. వెళ్ళేముందు కొన్నాళ్ళు ఎత్తైన చోట సాధన చేయిద్దామని ఆవిడ ఆలోచన. అందుబాటులో ఉన్న ఎత్తు కోరాపుట్ పీఠభూమే. జట్టు డాక్టరు మాత్రం ముందే చెప్పేశాడు. ఆ మూడు వేల అడుగులు మనిషి రక్తాన్ని మార్చేంత ఎత్తు కాదు, అసలు మార్పు రావాలంటే ఇంకా చాలా పైన వారాల తరబడి ఉండాలి, ఇక్కడ దొరికేది చల్లదనం, మంచి ఆకలి, అంతేనని. అది చాలంది కోచ్.

అలా వలిసె పూలు పూసే కాలంలో మా జట్టు మొత్తం సెమిలిగుడ వచ్చింది. కొండవాలులన్నీ పసుపు ఆరబోసినట్టు ఉన్నాయి. ఉదయం మైదానానికి వెళ్తే అవతలి గోలు కనిపించేది కాదు. మంచులోంచి ముందు ఒక చప్పుడు, కాసేపటికి బంతి, ఆ తర్వాతెప్పుడో దాన్ని తన్నిన మనిషి వచ్చేది. దూరంగా దేవమాలి శిఖరం ఒక్కోరోజు ఉండేది, ఒక్కోరోజు ఉండేది కాదు. తీరం నుంచి వచ్చిన పిల్లలు ఆటయ్యాక నడుం మీద చేతులు పెట్టుకుని, వంగి, ఎర్రమట్టి వైపు చూస్తూ నిలబడిపోయేవారు. పరుగూ అదే, కాళ్ళూ అవే, కానీ ఒక పరుగు తీశాక మళ్ళీ పరిగెత్తడానికి కావలసిన ఊపిరి ఆలస్యంగా అందేదని చెప్పేవారు. నిజంగా ఎత్తు వల్లనో, ఘాట్ రోడ్డు ప్రయాణం వల్లనో, భయం వల్లనో, డాక్టరు కూడా విడదీసి చెప్పలేకపోయాడు. ఆయన ఉదయాన్నే అందరి వేళ్ళకీ చిన్న క్లిప్పు తగిలించి రక్తంలో ప్రాణవాయువు ఎంతుందో చూసేవాడు. అందరికంటే నాదే బాగుండేది.

“నీకేం, నువ్వు కొండపిల్లవి” అనేవారు జట్టువాళ్ళు. నేను కాదనేదాన్ని కాదు. ఆ రోజుల్లో నేను పరిగెత్తిన పరుగు ఇంకెప్పుడూ పరిగెత్తలేదు. కాళ్ళకింద నేల ఉన్నట్టే తెలిసేది కాదు. సాయంత్రాలు సంత నుంచి ఇళ్ళకి పోయే ఆడవాళ్ళు తలల మీద బుట్టలతోనే ఆగి చూసేవారు.

గోల్‌కీపర్ పిల్ల మాత్రం మొదటి రోజు నుంచీ వాడిపోయింది. తిండి సయించలేదు. బంతిని గాలిలో అందుకునేటప్పుడు చేతులు కాస్త ఆలస్యమయ్యేవి. పిన్ని ఒకరోజు దాన్ని ఇంటికి పిలిచి ఎండుచేపల పులుసు పెట్టింది. పిల్ల కడుపునిండా తిని, గుమ్మంలో కూర్చుని కొండల వైపు చూస్తూ ఉండిపోయింది. దాని మీద జాలిపడి, పైకి వెళ్ళాక నేను చూసుకుంటానులే అని ధైర్యం చెప్పాను.

అసలు ఊరికి విమానంలో వెళ్ళాం. అంత ఎత్తుకి ఒక కునుకు తీసేలోపు చేరిపోయాం. దిగిన రోజు బాగానే ఉంది. ఆకాశం మరీ దగ్గరగా, మరీ నీలంగా ఉంది. రోడ్డు దాటి ఎదురు దుకాణానికి వెళ్ళి టీ తాగి కూడా వచ్చాను. సాయంత్రానికి తల వెనక చిన్న పోటు మొదలైంది. తెల్లారేసరికి అది కళ్ళలోకి దిగింది. నిద్ర పట్టలేదని చెప్పలేను, పట్టిందనీ చెప్పలేను. కళ్ళు మూతపడగానే రైలు సొరంగంలోకి వెళ్ళేది, ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేచేదాన్ని, మళ్ళీ మూతపడితే మళ్ళీ సొరంగం. అంత ఎత్తులో నిద్రపోతే ఊపిరి తనంతట తనే కాసేపు నిదానించి, కాసేపు పరిగెడుతుందని డాక్టరు తర్వాత చెప్పాడు. ఉదయం టిఫిన్ దగ్గర అందరూ తమ తమ కలలు చెప్పుకున్నారు. ఒకామెకి చనిపోయిన నాయనమ్మ బూట్ల లేసులు కట్టిందట. ఇంకొకామెకి బంతి నీళ్ళలా కారిపోయిందట. నేను నా కల చెప్పలేదు. తలనొప్పి సంగతి కూడా చెప్పలేదు. వేలికి క్లిప్పు తగిలించినప్పుడు డాక్టరు నావైపు ఒకసారి చూసి, మళ్ళీ తగిలించి చూశాడు. ఆడగలవా అని కోచ్ అడిగింది. ఆడగలనన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నిజంగానే నమ్మాను.

ఆ మ్యాచ్ నాకు ముక్కలు ముక్కలుగా గుర్తుంది. చుట్టూ పచ్చని చెట్టన్నది లేని కొండలు. ఎండ కాలుస్తోంది, నీడ కొరుకుతోంది. మొదటి పరుగు బాగానే తీశాను. రెండోది తీయబోతే ఊపిరి రాలేదు. నోరు తెరిచాను, గాలి నిండా లోపలికి వెళ్ళింది, కానీ అందులో ఏమీ లేదు. ఆ ఊరి పిల్లలు నా పక్కనుంచి నవ్వుతున్నట్టుగా, మాట్లాడుకుంటూ వెళ్ళిపోయారు. వాళ్ళు నిజంగా నవ్వారో లేదో తెలియదు. చప్పుళ్ళన్నీ దూరమైపోయాయి. నా కాళ్ళు ఎవరివో అయినట్టు, నేను వాటిని పైనుంచి చూస్తున్నట్టు అనిపించింది. భయం వేయలేదు. అదే విచిత్రం. చాలా హాయిగా, ఇక్కడే కూర్చుంటే బాగుంటుందనిపించింది. కూర్చున్నాను. మైదానం మధ్యలో, ఆట జరుగుతుండగా.

నన్ను పక్కకి తీసుకెళ్ళి ప్రాణవాయువు మాస్కు పెట్టారు. అందులోంచే మిగతా ఆట చూశాను. వాళ్ళలో ఒకామె చాలా దూరం నుంచి బంతిని తన్నింది. మా తీరంలో అయితే ఆ బంతి గోలు దగ్గరికి వచ్చేసరికి వంగి కిందికి దిగేది. అక్కడి పలచటి గాలి దాన్ని పట్టి ఉంచలేదు. వంగకుండా, దిగకుండా, గీత గీసినట్టు వచ్చి మా గోల్‌కీపర్ వేళ్ళ పైనుంచి వెళ్ళిపోయింది. పిల్ల తన చేతులవైపు చూసుకుంది, అంతే. తర్వాత ఒక అడుగు వెనక్కి వెళ్ళి నిలబడింది. అలాంటి బంతులే మళ్ళీ మళ్ళీ వచ్చాయి, అన్నిటినీ పట్టింది. సెమిలిగుడలో పిన్ని పులుసు తప్ప తిండి సయించని పిల్ల, ఆ ఎత్తులో, ఆ ఎండలో, పొడుగాటి చేతులతో ఒక్కర్తీ గోలు కాచింది. ఒక్క గోలు తేడాతో ఓడిపోయాం. ఆ పిల్ల లేకపోతే ఎన్ని గోల్సు పడేవో.

దిగొచ్చేముందు అక్కడి ఆసుపత్రి డాక్టరమ్మ నాతో చాలాసేపు మాట్లాడింది. ఇది బలహీనత కాదని, బాగా సాధన చేసినవాళ్ళకి రాదన్న హామీ ఏమీ లేదని, ఎవరి ఒళ్ళు ఎలా తీసుకుంటుందో పైకి వచ్చేదాకా ఎవరికీ తెలియదని చెప్పింది. ఎక్కడ పుట్టి పెరిగావని అడిగితే కొండ ప్రాంతమేనన్నాను. ఎంత ఎత్తు అంది. చెప్పాను. ఆవిడ మర్యాదస్తురాలు, నవ్వలేదు.

కిందికి వచ్చాక తలనొప్పి పోయింది. క్లిప్పులో అంకెలు మామూలయ్యాయి. కానీ పరుగు రాలేదు. విశాఖ మైదానంలో, సముద్రానికి అంత దగ్గరలో, గాలి చిక్కగా ఉప్పుగా ఉన్న చోట కూడా పరుగు మొదలుపెట్టగానే ఊపిరి మీదికి దృష్టి పోయేది. ఇప్పుడు లోపలికి వెళ్ళింది, ఇప్పుడు బయటికొచ్చింది, తర్వాతది వస్తుందా? ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే అది తడబడుతుంది. కోచ్ నన్ను కొన్నాళ్ళు ఇంటికి వెళ్ళి రమ్మంది. రాయగడ వెళ్తే నాన్న మొహం చూడాలి. పిన్ని దగ్గరికి బయల్దేరాను. రైలు కదలబోతుంటే గోల్‌కీపర్ పిల్ల చిన్న సంచీతో వచ్చి నా ఎదురు సీట్లో కూర్చుంది. తనకీ సెలవిచ్చారని చెప్పింది. ఇవ్వలేదని, అడిగి తీసుకుందని తర్వాత తెలిసింది.

అరకు దాటాక, ఒక సొరంగంలో, చీకట్లో, దాని గొంతు వినిపించింది.

“అప్పా, అప్పుడు నాను సెప్పనేదు గానీ, మీ పిన్నోలింటికాడ నాకు ఊపిరాడక కాదు. కన్ను ఆడక. ఎటు సూసినా కొండే. సూపు ఎల్లి ఎల్లి గోడకి గుద్దుకున్నట్టుండేది. మా ఊళ్ళో సూపుకి అడ్డమేటుంటది?”

“మరి పైన? అక్కడింకా పెద్ద కొండలు కదే.”

“పైన సెట్టు నేదు, సేమ నేదు. అంతా ఒట్టి. ఆ కొండలు ఆగిపోయిన కెరటాల్లా ఉన్నాయి. నాకు ఇంటికొచ్చినట్టే ఉంది.”

రైలు వెలుతురులోకి వచ్చింది. పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తోంది. నా కన్నీళ్ళు చూడకుండా ఉండటానికే అలా చూస్తోందని అర్థమైంది.

పిన్ని మా సంచులు అందుకుంది. ఇద్దరికీ పక్కలు వేసింది, చేపలు తెప్పించింది. నేను రోజంతా వాకిట్లో కూర్చునేదాన్ని. వలిసె పూలు రాలిపోయి కొండలు గోధుమరంగులోకి తిరిగాయి. బాబాయి షాపు ముందు లారీలు ఆగేవి, కదిలేవి. పొద్దుట మంచు పడేది, లేచేది. కాలం ఒక్కచోటే చుట్టూ తిరుగుతున్నట్టుండేది. ఆకలి వేసేది, నిద్ర పట్టేది, పాత సొరంగం కల రావడం మానేసింది. పరుగు ఆలోచన మాత్రం వస్తే లేచి లోపలికి వెళ్ళిపోయేదాన్ని.

ఒక మధ్యాహ్నం మైదానంలో ఆడపిల్లలు ఆడుకుంటున్నారు. నాతో ఆడినవాళ్ళు కాదు, వాళ్ళ తర్వాతి పిల్లలు. వాళ్ళకి ఒక మనిషి తక్కువైంది. మా గోల్‌కీపర్ పిల్ల వెళ్ళి నిలబడింది. గోలులో కాదు, మధ్యలో. నా చోట్లో. తర్వాత నావైపు తిరిగి, “అప్పా, గోల్లో ఎవులూ నేరు. నువ్వు ఊరికే నిలబడు సాలు. పరిగెట్టక్కర్నేదు” అంది.

నిలబడటానికి అభ్యంతరమేముంటుంది? రెండు రాళ్ళ మధ్య నిలబడ్డాను. అది మైదానం మధ్యలో పరిగెడుతుంటే ఏం చెప్పను! పొడుగాటి కాళ్ళు ఒకదానికొకటి అడ్డం పడుతున్నాయి. బంతి ఒకవైపు, అది ఒకవైపు. ఆ పిల్లలు దాని చుట్టూ పిట్టల్లా తిరిగి బంతి ఎత్తుకుపోతున్నారు. అది మాత్రం చాలా గంభీరంగా, నేను చేసే సైగలన్నీ చేస్తూ, నేను అరిచినట్టే అరుస్తోంది. నవ్వాపుకోలేకపోయాను. అంతలో బంతి నావైపు వచ్చింది. కాలితో ఆపాను. ఎదురుగా ఒక పిల్ల వచ్చింది, పక్కకి తప్పించాను. ఇంకో పిల్ల, ఇంకో తప్పింపు. ముందు ఖాళీ కనిపించింది, వెళ్ళాను. మళ్ళీ ఖాళీ, మళ్ళీ వెళ్ళాను. అవతలి గోలు రాళ్ళ మధ్యకి బంతి వెళ్ళాక వెనక్కి తిరిగి చూస్తే, నేను వదిలేసి వచ్చిన గోలు మైదానం ఆ చివర చిన్నగా కనిపించింది. రొప్పుతున్నాను. ఊపిరి ఎగదన్నుకుని వస్తోంది, పోతోంది. చిన్నప్పటి రొప్పే. గోల్‌కీపర్ పిల్ల నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

“గోలు ఒగ్గేసి ఎల్లిపోయేవేటి అప్పా?” అంది, నిష్ఠూరంగా.

ఆ శీతకాలం చివర నేను జట్టులోకి తిరిగి వెళ్ళాను. మరుసటి సీజనులో ఆ పై ఊరికి మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది. ఈసారి చాలా ముందుగా, రోడ్డు మీద, దారిలో ఊళ్ళలో ఆగుతూ వెళ్ళాం. తలనొప్పి వచ్చిన పూటే డాక్టరుకి చెప్పాను. కోచ్ నన్ను రెండో సగంలో, చివరి కాసేపటికి మాత్రమే దింపింది. ఎక్కువగా నడిచాను. చిన్న చిన్న పాసులే ఇచ్చాను. ఒక పరుగు తీశాక తర్వాతి ఊపిరి కోసం తొందరపడకుండా ఆగాను. అది వచ్చింది, కొంచెం ఆలస్యంగా. ఆట డ్రా అయింది. గోల్‌కీపర్ పిల్ల ఆ సాయంత్రం మైదానం గట్టు మీద ఒక్కర్తీ కూర్చుని, చీకటిపడే దాకా ఆ ఒట్టి కొండల్ని చూస్తూ ఉండిపోయింది. పిలవబుద్ధి కాలేదు.

ఇంకొన్నేళ్ళు ఆడి మానేశాను. ఇప్పుడు కోరాపుట్‌లో ఆడపిల్లలకి ఆట నేర్పుతున్నాను, వారానికోసారి రాయగడ వెళ్ళి వస్తుంటాను. గోల్‌కీపర్ పిల్ల హిమాలయాల్లోని ఆ జట్టుకే వెళ్ళి ఆడింది. తర్వాత అక్కడే గోల్‌కీపర్లకి కోచ్‌గా ఉండిపోయింది. అక్కడి భాష నేర్చుకుంది. ఫోను చేస్తే వెనక గాలి చప్పుడు వినిపిస్తుంది. సముద్రం గుర్తుకు రాదా అని అడిగితే, ఒక్కోరోజు పొద్దున్నే ఎక్కడున్నానో మర్చిపోయి కెరటాల కోసం చెవులు రిక్కించి వింటానంది.

ఈమధ్య కింది నుంచి ఒక జట్టు మా మైదానానికి ఆడటానికి వచ్చింది. సగం ఆటలో వాళ్ళ పిల్ల ఒకర్తి గట్టు మీదికి వచ్చి కూలబడింది. గుండె మీద చెయ్యి వేసుకుని ఉంది. పక్కన కూర్చున్నాను. ఇది ఎంతసేపటికి తగ్గుతుందని అడిగింది. కొందరికి బేగి తగ్గుతుంది, కొందరికి ఆలస్యమవుతుంది, నీకెలాగో నాకు తెలియదని చెప్పాను. ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. తెలియదన్న మాటకే ఎందుకో దాని భుజాలు వదులయ్యాయి. ఇద్దరం ఆట చూస్తూ కూర్చున్నాం. కొండ మీది నుంచి మంచు జారి మైదానంలో అవతలి సగాన్ని కప్పేసింది, ఆడేవాళ్ళు అందులోకి వెళ్తూ వస్తూ ఉన్నారు. కాసేపటికి ఆ పిల్ల సాక్సు పైకి లాక్కుని, లేచి, నెమ్మదిగా నడుచుకుంటూ మంచులోకి వెళ్ళింది.